మాష్ పీహెచ్: నీటి లెక్క, గింజ లెక్క



పీహెచ్ అనే మాట ఇంటర్మీడియట్‌లో కెమిస్ట్రీ చదివిన వాళ్ళందరికీ పరిచయమే. ఒక ద్రవం ఆమ్లమా, క్షారమా, ఎంత గాఢమైనది అన్నది ఒక్క అంకెలో చెప్పే కొలత అది. ఆ కొలత పుట్టింది మాత్రం ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో రసాయన విభాగానికి అధిపతిగా ఉన్న సోరెన్ సోరెన్‌సెన్ ఎంజైముల మీద పరిశోధన చేస్తున్నాడు. ద్రావణంలో హైడ్రోజన్ అయాన్లు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి ఎంజైము చురుకుదనం మారిపోతోంది. దశాంశ బిందువు తర్వాత వరసగా సున్నాలతో నిండిన ఆ చిన్న సంఖ్యలను తేలిగ్గా రాసుకోవడానికి ఆయన ప్రతిపాదించిన పద్ధతే ఈ పీహెచ్. బీరుతో ఈ కొలతకు బంధుత్వం అలా పుట్టుకతోనే వచ్చింది.

నేటి ప్రసంగం విదేశాల్లో ఉంటూ ఇంట్లో బీరు తయారుచేసుకునే తెలుగువాళ్ళ కోసం. ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, అది ఇంటి వాడకానికైనా సరే. బ్రిటన్ 1963లోనే ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదంది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా తయారుచేసుకునే వీలు కలిగింది. రాష్ట్రాలన్నీ ఒప్పుకోవడానికి మాత్రం 2013 దాకా పట్టింది. చివరగా దారికొచ్చినవి మిసిసిపీ, అలబామా.

ఇక అసలు విషయం. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని మరీ పిండి చేయకుండా, పొట్టు చితికిపోకుండా ముతకగా ఆడించి, వేడినీళ్ళలో కలిపి 65 నుంచి 68 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతారు. ఆ జావే మాష్. గింజలోనే ఉన్న అమైలేజ్ ఎంజైములు ఆ గంటలో పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. వడగట్టుకున్న తియ్యటి రసం వోర్ట్. దాన్ని చేదునిచ్చే హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేస్తే కొన్నాళ్ళకు బీరవుతుంది.

మాష్ పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్యలో ఉంటే పని సవ్యంగా సాగుతుంది. ఇది చల్లార్చిన నమూనాలో కొలిచిన అంకె. చాలామంది 5.4కి గురిపెడతారు, అది మంచి గురి. పీహెచ్ 5.8, 6 వైపు వెళ్ళిందంటే చక్కెర దిగుబడి తగ్గుతుంది, పొట్టులోని టానిన్లు దిగి వగరు తగులుతుంది, హాప్స్ చేదు నాలుక మీద గరుగ్గా నిలుస్తుంది, లేత రంగు బీరు కూడా కాస్త ముదురుతుంది. మరీ కిందికి దిగితే ఎంజైములు మందగిస్తాయి, రుచి పలచబడుతుంది. 5.4కీ 5.7కీ తేడా చూడ్డానికి చిన్నదే. కానీ ఇది లాగరిథమ్ కొలత. పీహెచ్ 0.3 పెరిగిందంటే హైడ్రోజన్ అయాన్లు సగానికి పడిపోయినట్టే.

నీటిని బట్టి వంట మారడం మన ఇళ్ళకు కొత్త కాదు. చెరువు నీళ్ళలో ఇట్టే ఉడికే కందిపప్పు బోరు నీళ్ళలో ఎంతసేపటికీ బద్దగానే ఉంటుంది. ఐరోపాలో బీరు తయారీదారులు శతాబ్దాల పాటు ఇలాంటి అనుభవంతోనే బతికారు. ఏ ఊరి నీటికి ఏ గింజ సరిపోతుందో రుచి చూసి తెలుసుకున్నారే తప్ప, కారణం వాళ్ళకు తెలియదు. మ్యూనిక్ నీళ్ళలో సున్నపు క్షారత్వం ఎక్కువ. అక్కడ ముదురు రంగు మాల్ట్‌తో చేసిన డుంకెల్ బీరు బాగా కుదిరింది, ఎందుకంటే ఎక్కువ వేడిలో ఆరిన మాల్ట్‌లో సహజంగానే ఆమ్లత్వం ఎక్కువ. ఇంగ్లండ్‌లోని బర్టన్ ఆన్ ట్రెంట్ భూగర్భ జలాల్లో జిప్సం పుష్కలం. ఆ నీటితో లేత రంగు ఏల్ రకం బీరు చక్కగా వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇండియా పేల్ ఏల్ పేరుతో ఓడలెక్కి మన దేశానికి వచ్చిన బీరులో బర్టన్ సరుకుదే పెద్ద పేరు. ఇక బొహీమియాలోని పిల్సెన్ నీళ్ళు దాదాపు వాన నీళ్ళంత మెత్తనివి. అక్కడే 1842లో యోసెఫ్ గ్రోల్ బంగారు రంగు లాగర్‌ను తయారుచేశాడు. ఈ రోజు ప్రపంచంలో అమ్ముడయ్యే బీరులో అధికభాగం ఆ నమూనా వారసత్వమే.

పిల్సెన్ ఉదాహరణ నుంచి చాలామంది ఒక తప్పు పాఠం నేర్చుకుంటారు. నీళ్ళు మెత్తగా ఉంటే చాలు, పీహెచ్ దానంతటదే కుదురుతుందని అనుకుంటారు. నిజానికి లేత మాల్ట్‌ను స్వచ్ఛమైన డిస్టిల్డ్ వాటర్‌లో కలిపినా పీహెచ్ 5.7, 5.8 దగ్గరే ఆగుతుంది. పాతకాలపు పిల్సెన్ పద్ధతిలో మాష్‌ను ముందుగా 40 డిగ్రీల చుట్టుపక్కల చాలాసేపు ఉంచేవారు. గింజలోని ఫైటేజ్ అనే ఎంజైము ఆ వేడిలో నెమ్మదిగా ఆమ్లత్వాన్ని పెంచుతుంది. మెత్తటి నీళ్ళున్న ఆ ఊరు కూడా ఆ మిగిలిన దూరాన్ని ఇలా కష్టపడే దాటింది.

ఈ అనుభవాన్నంతా ఒక సూత్రంలోకి తెచ్చినవాడు జర్మన్ శాస్త్రవేత్త పాల్ కోల్‌బాఖ్. 1953లో ఆయన ప్రతిపాదించిన భావనను శేష క్షారత్వం అనవచ్చు. నీటిలోని బైకార్బొనేట్ మాష్ పీహెచ్‌ను పైకి నెడుతుంది. అదే నీటిలోని కాల్షియం, మాల్ట్‌లోని ఫాస్ఫేట్లతో కలిసి అడుగుకు చేరుతూ, ఆ క్రమంలో హైడ్రోజన్ అయాన్లను విడుదల చేసి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. మెగ్నీషియం కూడా అదే పని చేస్తుంది, అయాన్ల సంఖ్య లెక్కన కాల్షియంలో సగం బలంతో. ఈ లాగుడులో చివరికి మిగిలే క్షారత్వం ఎంత అన్నదే మాష్‌కు కావలసిన సంగతి. లెక్క సులభం. పీపీఎం అంటే లీటరు నీటిలో ఇన్ని మిల్లీగ్రాములని. కాల్షియం పీపీఎంను 1.4తో, మెగ్నీషియం పీపీఎంను 1.7తో భాగించి, ఆ రెండింటి మొత్తాన్ని క్షారత్వంలోంచి తీసేయాలి. క్షారత్వాన్ని కాల్షియం కార్బొనేట్‌గా లెక్కగట్టిన పీపీఎంలో తీసుకోవాలన్నది మరవకూడదు. కొన్ని నీటి పరీక్ష రిపోర్టుల్లో బైకార్బొనేట్ అంకె మాత్రమే ఇస్తారు. దాన్ని 0.82తో గుణిస్తే కావలసిన అంకె వస్తుంది. ఈ గుణకారం మరిచిపోయి ఆమ్లం ఎక్కువ పోసినవాళ్ళు తక్కువేం కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పెన్సిలూ కాగితం దగ్గరున్న శ్రోతలు రాసుకోవచ్చు. కుళాయి నీటిలో క్షారత్వం 150 పీపీఎం, కాల్షియం 50, మెగ్నీషియం 12. యాభైని 1.4తో భాగిస్తే సుమారు 36. పన్నెండుని 1.7తో భాగిస్తే 7. రెండూ కలిపి 43. నూట యాభైలోంచి తీసేస్తే శేష క్షారత్వం 107. దీన్ని యాభైతో భాగిస్తే లీటరుకు 2.14 మిల్లీ ఈక్వివలెంట్లు. ఆమ్లాన్నీ క్షారాన్నీ ఒకే తూకంలో లెక్కించే ప్రమాణం అది. ఇరవై లీటర్ల బీరు కోసం 5 కిలోల లేత మాల్ట్, దానికి 15 లీటర్ల మాష్ నీళ్ళు. అంటే నీటి తరఫున మాష్‌లో చేరే క్షారత్వం 32 మిల్లీ ఈక్వివలెంట్లు.

ఇప్పుడు గింజ వైపు చూడాలి. లేత మాల్ట్ తన పీహెచ్‌ను అంత తేలిగ్గా వదులుకోదు. కిలో మాల్ట్‌ను ఒక పీహెచ్ అంకె మేరకు కదపడానికి సుమారు 40 మిల్లీ ఈక్వివలెంట్లు కావాలి. ఐదు కిలోలకు 200. డిస్టిల్డ్ వాటర్‌లో ఈ మాల్ట్ పీహెచ్ 5.7 అనుకుంటే, నీటి క్షారత్వం దాన్ని 32ను 200తో భాగించినంత, అంటే 0.16 మేరకు పెంచుతుంది. అంచనా 5.86. కావలసింది 5.4. తేడా 0.46, దాన్ని 200తో గుణిస్తే 92 మిల్లీ ఈక్వివలెంట్ల ఆమ్లం. దుకాణాల్లో దొరికే 88 శాతం లాక్టిక్ ఆసిడ్ మిల్లీలీటరుకు 11.8 మిల్లీ ఈక్వివలెంట్లు ఇస్తుంది. మొత్తం దాదాపు 7.8 మిల్లీలీటర్లు.

ఈ లెక్కలో నిలిచి చూడాల్సిన సంగతి ఒకటుంది. ఆ 92లో నీటి వాటా 32 మాత్రమే. మిగిలిన 60 గింజది. నీటిని ఎంత శుభ్రపరిచినా, లేత బీరుకు ఆమ్లం అవసరం తీరదు. అందుకే ఆర్వో నీళ్ళు వాడుతున్నాం కదా అని పీహెచ్‌ను వదిలేసిన వాళ్ళ బీరులో ఏదో మొద్దుదనం మిగిలిపోతుంది.

అయితే 7.8 మిల్లీలీటర్ల లాక్టిక్ ఆసిడ్ అంటే ఇరవై లీటర్ల బీరులో లీటరుకు 400 మిల్లీగ్రాముల లాక్టేట్. నాలుకకు అది తెలిసే హద్దు సుమారుగా అక్కడే ఉంది. కాబట్టి సగం కుళాయి నీళ్ళు, సగం ఆర్వో నీళ్ళు కలపడం మేలు. అప్పుడు నీటి వాటా 16కి దిగుతుంది. దానికి 5 గ్రాముల జిప్సం చేరిస్తే, దాని కాల్షియం మరో 16, 17 మిల్లీ ఈక్వివలెంట్లను కొట్టేస్తుంది. ఇక కావలసిన ఆమ్లం 5 మిల్లీలీటర్లే. జిప్సంలోని సల్ఫేట్ హాప్స్ చేదును తేటగా నిలబెడుతుంది. గుండ్రటి, మాల్ట్ ముందుండే రుచి కావాలంటే జిప్సం బదులు కాల్షియం క్లోరైడ్ వేయాలి. అదే వంటకంలో అరకిలో లేత మాల్ట్ తీసేసి, నల్లగా వేయించిన బార్లీ వేస్తే లెక్క ఇంకో దారి పడుతుంది. ఆ అరకిలో గింజే కుళాయి నీటి క్షారత్వంలో సగం వరకూ మింగేస్తుంది. సున్నపు నీళ్ళున్న ఊళ్ళలో నల్ల బీరు ఎందుకు పేరు తెచ్చుకుందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఈ లెక్కలు చేసిపెట్టే పట్టికలూ సాఫ్ట్‌వేర్లూ ఇప్పుడు చాలా ఉన్నాయి. మార్టిన్ బ్రంగార్డ్ తయారుచేసిన బ్రూన్ వాటర్ అనే పట్టికను ఇంటి తయారీదారులు ఎంతోమంది వాడతారు. కాయ్ ట్రోస్టర్ రకరకాల మాల్ట్‌లను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, ఒక్కొక్క దాని పీహెచ్‌నూ కొలిచి ఇచ్చిన వివరాలు ఈ రంగానికి పునాది వేశాయి. జాన్ పామర్, కోలిన్ కమిన్‌స్కీ కలిసి రాసిన 'వాటర్' అనే పుస్తకం 2013లో వచ్చింది. ఇవన్నీ నమ్మదగినవే. అయినా ఒకే వంటకానికి రెండు సాఫ్ట్‌వేర్లు రెండు అంకెలు చెప్పడం మామూలే. నీటి సూత్రం అన్నిటిలోనూ దాదాపు ఒకటే. తేడా వచ్చేది గింజ దగ్గర. సాగుచేసిన ఏడాది, బార్లీ రకం, ఆరబెట్టిన తీరు మారితే అదే పేరున్న మాల్ట్ పీహెచ్ ఒక బస్తాలో 5.65, ఇంకో బస్తాలో 5.8 ఉండొచ్చు. ఒక్క 0.1 తేడా అంటే మన ఉదాహరణలో 20 మిల్లీ ఈక్వివలెంట్లు, సుమారు 1.7 మిల్లీలీటర్ల ఆమ్లం.

ఆ సందేహం తీర్చుకోవడానికి ఖర్చులేని ఉపాయం చిన్న మాష్. బస్తాలోంచి 100 గ్రాములు తీసి ఆడించి, పెద్ద మాష్‌కు వాడబోయే నీళ్ళే 300 మిల్లీలీటర్లు 65 డిగ్రీలకు కాచి, మూతున్న ఫ్లాస్కులో కలపాలి. వేరే గ్లాసులో 49 మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక మిల్లీలీటరు లాక్టిక్ ఆసిడ్ చేర్చి పెట్టుకోవాలి. ఇరవై నిమిషాల తర్వాత మాష్‌ను చల్లార్చి పీహెచ్ చూసి, పలచని ఆమ్లాన్ని సిరంజితో ఒక్కో మిల్లీలీటరూ వేస్తూ, కలియబెడుతూ, మీటరు 5.4 చూపే దాకా వెళ్ళాలి. 100 గ్రాములు 5 కిలోలలో యాభయ్యో వంతు, గ్లాసులోని ఆమ్లమూ యాభై వంతులు పలచనిదే. కనుక చిన్న మాష్‌లో ఎన్ని మిల్లీలీటర్ల పలచని ఆమ్లం పట్టిందో, పెద్ద మాష్‌కు అన్నే మిల్లీలీటర్ల చిక్కటి ఆమ్లం కావాలి. కొత్త బస్తా విప్పిన రోజున అరగంట దీనికి పెడితే, ఆ బస్తా అయిపోయేదాకా అంచనా దారి తప్పదు.

ఆమ్లాల్లో లాక్టిక్, ఫాస్ఫారిక్ రెండూ వాడతారు. ఫాస్ఫారిక్‌కు రుచి తక్కువ, దాన్ని ఇళ్ళలో 10 శాతం ద్రావణంగా వాడటం సుఖం. చిక్కటి ఆమ్లం ఏదైనా చర్మాన్ని కాలుస్తుంది. చేతికి తొడుగు, కంటికి అద్దాలు ఉండాల్సిందే, ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలే గానీ ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు. జర్మనీలో, 1516 నాటి బవేరియా శుద్ధి చట్టం వారసత్వంగా వచ్చిన నియమాల వల్ల, సీసా ఆమ్లం పోయడం కుదరదు. అక్కడ లాక్టిక్ ఆమ్లం పట్టించిన పుల్ల మాల్ట్ వాడతారు. మొత్తం గింజలో ఒక శాతం పుల్ల మాల్ట్ వేస్తే పీహెచ్ 0.1 దిగుతుందన్నది నోటి లెక్కగా పనికొస్తుంది. పీహెచ్ మరీ దిగిపోయిన నల్ల బీరుకు వంటసోడా చిటికెడు చిటికెడుగా వేసి పైకి తెచ్చుకోవచ్చు. సుద్దపొడి మాత్రం వద్దు. అది నీళ్ళలో సరిగ్గా కరగదు, లెక్కకు అందదు.

కొలవడం దగ్గర శ్రద్ధ అవసరం. మాష్ కలిపాక పది, పదిహేను నిమిషాలకు అడుగు నుంచి పైకి ఒకసారి కలియబెట్టి, గరిటెడు రసం స్టీలు గిన్నెలోకి తీస్తారు. గిన్నెను చన్నీళ్ళలో తిప్పుతూ 25 డిగ్రీలకు దించాక, మీటరు సెన్సరును ముంచితే అంకె కాసేపు జారుతూ 5.47, 5.45, 5.44 దగ్గర నిలుస్తుంది. అలా నిలిచిన అంకెనే రాసుకోవాలి. అదే రసం 65 డిగ్రీల వేడిలో నిజంగానే 0.2 నుంచి 0.3 తక్కువ పీహెచ్‌తో ఉంటుంది. మీటరులోని ఉష్ణోగ్రత సవరణ సెన్సరు స్పందనను మాత్రమే సరిచేస్తుంది, ఈ రసాయన తేడాను సరిచేయదు. పైగా వేడి రసం సెన్సరు ఆయుష్షును తినేస్తుంది. వాడే ప్రతిరోజూ 7.00, 4.01 బఫర్ ద్రావణాలతో సరిచూడని మీటరు అంకెకు విలువ లేదు. రంగు కాగితాలు ఈ పనికి చాలవు. 5.3కీ 5.6కీ తేడా వాటి మీద కంటికి స్పష్టంగా ఆనదు.

కొలిచాక అంకె నచ్చకపోతే ఏం చేయాలి? చాలామంది వెంటనే ఆమ్లం సీసా అందుకుంటారు. 0.1, 0.15 తేడాకు అలా చేయకపోవడమే మంచిది. మాష్‌లో చక్కెర తయారయ్యే పని పెద్దపాలు మొదటి ఇరవై నిమిషాల్లోనే జరిగిపోతుంది. నమూనా తీసి, చల్లార్చి, ఆమ్లం పోసి, మళ్ళీ కలిపేసరికి ఆ సమయం గడిచిపోతుంది, పోసింది అంతటా కలిసిందో లేదో తెలియదు. వచ్చిన అంకెను పుస్తకంలో రాసుకుని, వచ్చేసారి లెక్కలో సవరించుకోవడమే ఇక్కడ నిలకడైన పద్ధతి. తేడా 0.3 దాటితే మాత్రం ఊరుకోకూడదు, సగం మోతాదు పోసి మళ్ళీ కొలవాలి. వోర్ట్ వడగట్టాక మిగిలిన చక్కెర కోసం గింజను కడిగే నీళ్ళను కూడా మరవకూడదు. చివరి కడుగులో గింజ ఆమ్లత్వం పలచబడి, నీటి క్షారత్వం పైచేయి అవుతుంది. పీహెచ్ 6 దాటి, నీళ్ళు 77 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే పొట్టులోని వగరు దిగుతుంది. ఆ నీటిని ముందే ఆమ్లంతో 5.5, 5.8 మధ్యకు తెచ్చి పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

అమెరికాలో ఉన్న శ్రోతలకు ఒక మాట. ప్రతి ఊరి నీటి సంస్థ ఏటా నాణ్యత నివేదిక ఇస్తుంది, కానీ అందులో కాల్షియం, క్షారత్వం అంకెలు చాలాసార్లు ఉండవు. సంస్థకు ఫోన్ చేసి అడిగితే ప్రయోగశాల వాళ్ళు చెబుతారు. లేదంటే నెబ్రాస్కాలోని వార్డ్ లేబొరేటరీస్ వంటి చోటికి చిన్న సీసాడు నీళ్ళు పంపి పరీక్ష చేయించుకోవచ్చు. నది నీరు, బావుల నీరు మార్చి మార్చి ఇచ్చే ఊళ్ళలో ఎండాకాలం అంకె చలికాలానికి పనికిరాదు, కాబట్టి రెండుసార్లు చేయించాలి. కొత్త కుండలూ కూలర్లూ కొనే ముందు ఆ డబ్బును ఈ నీటి పరీక్షకూ, ఒక మంచి పీహెచ్ మీటరుకూ, ఏటా మార్చాల్సిన రెండు సీసాల బఫర్ ద్రావణానికీ కేటాయించండి.